ఎవరికి, ఎందుకు కృతజ్ఞతలు?

"థాంక్యూ సార్" అని పిల్లలు రోజుకు పదిసార్లు అంటారు. ఎందుకని అడిగితే బిక్కమొహం వేస్తారు. ఎదుటివారు చేసిన మేలు ఏమిటో తెలియనిదే కృతజ్ఞత పుట్టదు. సాటి మనుషుల మేలు గుర్తించనివారు అల్లాహ్‌కు కూడా కృతజ్ఞులు కాలేరన్నది ప్రవక్త (స) బోధ. అందుకే దీన్ని ఒక పాఠంగానే నేర్పాలని మేము అనుకుంటాం.

ఈ పాఠానికి అబ్దుల్ కలాం గారి ఆత్మకథ బాగా పనికొస్తుంది. రామేశ్వరంలో ఆయనకు సైన్సు చెప్పిన శివసుబ్రహ్మణ్య అయ్యర్ సంప్రదాయ బ్రాహ్మణులు. ఒకరోజు శిష్యుణ్ణి భోజనానికి పిలిచారు. ముస్లిం పిల్లవాడికి తన వంటింట్లో వడ్డించనని భార్య అన్నారు. ఆయన కోప్పడలేదు. తానే వడ్డించి, పక్కన కూర్చుని తిన్నారు. వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారు. ఈసారి ఆ ఇల్లాలే లోపలికి పిలిచి వడ్డించారు. 1999లో వచ్చిన పుస్తకంలో కలాం గారు ఆ పూట భోజనాన్ని కూడా మరవకుండా రాశారు.

మద్రాసులో ఇంజనీరింగ్ సీటు వచ్చినప్పుడు సుమారు వెయ్యి రూపాయలు కావలసి వచ్చింది. అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టింది. వాటిని తన సంపాదనతోనే విడిపించాలని తమ్ముడు నిశ్చయించుకున్నాడు. అక్క బడిలో పాఠం చెప్పలేదు, కానీ ఆమె లేకపోతే ఆ చదువు లేదు.

మన పెద్దారవీడు పిల్లలకు ఇంకా దగ్గరి ఉదాహరణ పలక. మా తరం అక్షరాలు దిద్దింది మార్కాపురం పలక మీదే. అది దేశమంతా వెళ్ళింది, విదేశాలకూ వెళ్ళింది. రాతి దుమ్ములో కూర్చుని దాన్ని తయారుచేసిన వారి పేరు మాత్రం ఏ పలక మీదా ఉండదు.

దాతలకు ఒక మనవి. ఫీజు కట్టిన పిల్లవాణ్ణి వేదిక ఎక్కించి మనకు దండం పెట్టించవద్దు. ఆ వయసులో అది కృతజ్ఞత కాదు, సిగ్గు. (ఫొటో బాగానే వస్తుంది లెండి!) దానికి బదులు వాడిచేత ఒక ఉత్తరం రాయించండి. మనకు కాదు, అక్షరాలు నేర్పిన టీచరుకో, ఖుర్ఆన్ చదివించిన ఉస్తాద్‌కో, ఇంటి పని తాను చేసుకుని వాణ్ణి బడికి పంపిన ఆపాకో. "మీరు చాలా మంచివారు" అని రాస్తే మేము మార్కులు వేయం. ఏ రోజు, ఏం చేశారు, దానివల్ల నాకేం మారింది అన్నది ఉండాలి. చదువు రానివారికి రాస్తే, పిల్లవాడే ఆ ఇంటికి వెళ్ళి చదివి వినిపించాలి.