పోటీ పరీక్షల ప్రత్యేకం: ఊరి ముంగిటికి న్యాయం

చల్లపల్లి వాసికి జిల్లా కోర్టు మచిలీపట్నంలో, హైకోర్టు అమరావతిలో (2019 జనవరి 1 నుంచి), సుప్రీంకోర్టు ఢిల్లీలో. గట్టు తగాదా పెరిగేకొద్దీ బస్సు ఛార్జీలూ పెరుగుతాయి!

అధికరణ 130: రాష్ట్రపతి ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి సుప్రీంకోర్టును ఢిల్లీ బయటా నడపవచ్చు. తరచూ అడిగే బిట్.

అధికరణ 39ఎ: ఉచిత న్యాయ సహాయం, 42వ సవరణ, 1976. న్యాయసేవల చట్టం 1987, అమలు 1995 నవంబరు 9. ఈ చట్టం కింద నడిచే లోక్ అదాలత్ తీర్పుపై అప్పీలు లేదు. కోర్టు కేసు అక్కడ పరిష్కారమైతే కోర్టు ఫీజు వాపసు.

గ్రామ న్యాయాలయాల చట్టం 2008, అమలు 2009 అక్టోబరు 2. అక్కడ తీర్పు చెప్పే న్యాయాధికారిని నియమించేది రాష్ట్ర ప్రభుత్వం, హైకోర్టును సంప్రదించి. ఇక్కడే చాలామంది ‘హైకోర్టు’ అని టిక్ పెట్టి మార్కు పోగొట్టుకుంటారు. న్యాయాధికారి ఊళ్లకే వెళ్లి సంచార కోర్టు పెట్టవచ్చు. అప్పీలు గడువు 30 రోజులు.

ఉచిత న్యాయ సహాయానికి హెల్ప్‌లైన్: 15100.