అటాక్ చెయ్యనన్నాడు, గెలవనని అన్లేదు!

సమస్య



మేం డాలస్ దగ్గర ప్లేనోలో ఉంటాం. నేను, మా వారు, మా మరిది, మా వారి ఆఫీసు ఫ్రెండ్ ఒకాయన - నలుగురం ప్రతి శనివారం రాత్రి డైనింగ్ టేబుల్ మీద మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడతాం. అందులోనూ కమాండర్ అనే పద్ధతి. మరిది ఎం.ఎస్. చెయ్యడానికొచ్చి మా దగ్గరే ఉంటున్నాడు. మా అందరికీ ఈ ఆట నేర్పింది అతనే. మొదట్లో అంతా అయోమయంగా ఉండేది గానీ, ఇప్పుడు శనివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తాను. వారమంతా ఆఫీసు, వంట, బాబు హోంవర్క్‌తోనే సరిపోతుంది. ఆ మూడు గంటలే నావి.

నాది షాపులో కొన్న రెడీమేడ్ డెక్. నాలుగైదు కార్డులు మార్చుకున్నానంతే. మరిది ఈ మధ్య కొత్త డెక్ కట్టాడు. ఎంత పవర్ ఉంటుందని మా వారు అడిగితే "పదికి ఏడు అన్నయ్యా" అన్నాడు. ఆ ఏడు కాస్తా ఐదో టర్న్‌కల్లా ఆట ముగించేస్తోంది.

మొన్న జరిగింది చెప్తాను. అతను రిస్టిక్ స్టడీ అనే కార్డు వేశాడు. అది టేబుల్ మీద ఉన్నంతసేపూ మేం ఏ స్పెల్ వేసినా ఒక మానా (కార్డు వెయ్యడానికి అయ్యే ఖర్చు) అదనంగా కట్టాలి, లేదంటే అతను ఒక కార్డు తీసుకుంటాడు. ప్రతిసారీ "ఒకటి కడతావా వదినా?" అని అడుగుతూనే ఉన్నాడు. దాన్ని తీసేసే కార్డు నా చేతిలో ఉంది. నా ముఖం చూసి పసిగట్టినట్టున్నాడు, "దాన్ని ముట్టుకోకు వదినా, రెండు రౌండ్ల దాకా నిన్ను అటాక్ చెయ్యను, ప్రామిస్" అన్నాడు. నాకేమో అడ్డుపెట్టుకోడానికి ఒక్క క్రీచర్ కూడా లేదు. సరేనన్నాను. అతని తర్వాతి టర్న్‌లోనే థాసాస్ ఒరాకిల్ వేశాడు, వెంటనే డెమానిక్ కన్సల్టేషన్ వేసి తన డెక్ తనే ఖాళీ చేసేసుకుని గెలిచానన్నాడు. మా ముగ్గురి లైఫూ 30 పైనే ఉంది. "అదేంటి, మాటిచ్చావుగా?" అంటే, "అటాక్ చెయ్యనన్నాను, చేశానా? గెలవనని అన్లేదుగా వదినా!" అని నవ్వాడు.

మరుసటి వారం నేను ఊరుకోలేదు. మొదటి టర్న్ నుంచీ నా దగ్గరున్న ప్రతి కార్డూ అతని మీదే వాడాను. అందరికంటే ముందు అతనే అవుటయ్యాడు. నా చేతిలోనూ ఏం మిగల్లేదు కాబట్టి తర్వాత నేనే. ఆట ఫ్రెండ్ గారు గెలిచారు. మరిది గంటకు పైగా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. "ఇలా కక్షగట్టి ఆడితే ఎలా?" అని మా వారు నన్నే అన్నారు. ఇంకోపక్క ఆ ఫ్రెండ్ గారు "మీ ఆయన మిమ్మల్ని ఎప్పుడూ అటాక్ చెయ్యరు, మీరిద్దరూ ఒక జట్టు" అంటున్నారు. అలా ఆడమని నేను మా వారిని ఎప్పుడూ అడగలేదు.

రూల్స్ ప్రకారం మరిది చేసిన దాంట్లో తప్పు లేదని నాకూ తెలుసు. అయినా మోసపోయినట్టే ఉంది. ఇది ఓడిపోయిన ఉక్రోషమా, నిజంగా అన్యాయమా? శనివారం ఆట మానెయ్యనా?

- ఒక వదిన, ప్లేనో, టెక్సాస్

సలహా

మీది ఉక్రోషం కాదమ్మా. రెండు చోట్ల మీకు అన్యాయం జరిగింది. మీ మరిది తన డెక్ బలమెంతో ఆటకు ముందు నిజం చెప్పలేదు. ఆ తర్వాత మీకు ఒకలా అర్థమయ్యేలా మాటిచ్చి, దాన్ని ఇంకోలా నిలబెట్టుకున్నాడు. అయితే మరుసటి వారం మీరు ఆడిన తీరూ, మీ వారు మిమ్మల్ని అటాక్ చెయ్యకుండా వదిలేస్తున్న తీరూ కూడా సరిచేసుకోవాల్సినవే. ఆట మాత్రం మానకండి.

"రూల్స్ ప్రకారం తప్పు లేదు" అన్నారు. ఈ మాట రమ్మీకి సరిపోతుంది. అక్కడ ఉమ్మడి పేకను కలిపి అందరికీ 13 ముక్కలు పంచుతారు. జోకర్ ఎవరికి పడినా అది పంపకంలో పడిందే. కమాండర్‌లో ఎవరి 100 కార్డులు వాళ్లే ముందుగా ఏరి కట్టుకొస్తారు. ఒకరు రెడీమేడ్ పెట్టెతో, ఇంకొకరు నెలల తరబడి కొని పోగేసిన కార్డులతో కూర్చున్నా రూల్స్ అడ్డు చెప్పవు. ఎక్కువ తక్కువలు ఆటకు ముందే ఉన్నప్పుడు, న్యాయం గురించి కూడా ఆటకు ముందే మాట్లాడుకోవాలి.

ఈ ఆటను పెంచినవాళ్లు అనుకున్నదీ ఇదే. రిచర్డ్ గార్‌ఫీల్డ్ తయారుచేసిన మ్యాజిక్ 1993లో వచ్చినప్పుడు అది ప్రధానంగా ఇద్దరు చెరి 20 లైఫ్‌తో తలపడే ఆట. దాన్ని అలాస్కాలో కొందరు మిత్రులు గుంపుగా కలిసి కూర్చుని ఆడుకునేలా మార్చుకున్నారు. అదే కమాండర్. షెల్డన్ మెనరీ అనే టోర్నమెంట్ జడ్జి దాన్ని తోటి జడ్జీలకు అలవాటు చేశారు. పగలంతా టోర్నమెంట్లలో రూల్స్ అమలుచేసి వచ్చినవాళ్లు రాత్రి సరదాగా ఆడుకున్న ఆట ఇది. రూల్స్ పుస్తకం అంత క్షుణ్ణంగా తెలిసిన మనుషులే, ఎలాంటి ఆట కావాలో టేబుల్ దగ్గరున్నవాళ్లు ముందు మాట్లాడుకోవాలన్న పద్ధతిని అన్నిటికంటే పైన పెట్టారు. ఆడేవాళ్లు దీన్ని రూల్ జీరో అంటారు. మీ ఇంట్లో ఆ మాటలు జరిగాయి. "ఎంత పవర్?" అని మీ వారు అడగడం అదే. దానికి వచ్చిన జవాబు నిజం కాదు, అంతే.

పదికి ఇంత అనే లెక్క ఎక్కడా నిలబడలేదు. ఎవరినడిగినా ఏడే అనేవారు. ఇంతకంటే స్పష్టమైన కొలత ఇప్పుడుంది. అదెలా వచ్చిందంటే, 2024 సెప్టెంబరులో మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్ లాంటి ఖరీదైన కార్డుల్ని కమాండర్‌లో నిషేధించినప్పుడు, ఆ నిర్ణయం తీసుకున్న స్వచ్ఛంద కమిటీ సభ్యులకు బెదిరింపులు కూడా వచ్చాయి. వారం తిరిగేసరికి కమిటీ ఆ బాధ్యతను విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీకి అప్పగించేసింది. ఆ కంపెనీ 2025లో డెక్‌లకు ఐదు బ్రాకెట్లు పెట్టింది. ఆటను ఒక్కసారిగా తిప్పేసే కార్డుల జాబితా కూడా ఇచ్చి, వాటికి గేమ్ చేంజర్లు అని పేరు పెట్టింది. మొదటి రెండు బ్రాకెట్లలో అవి ఒక్కటీ ఉండకూడదు. మూడోదాంట్లో మూడు దాకా ఉండొచ్చు. నాలుగు, ఐదుల్లో ఎన్నైనా పెట్టుకోవచ్చు.

మీ రెడీమేడ్ డెక్ రెండో బ్రాకెట్ దగ్గర ఉంటుంది. రిస్టిక్ స్టడీ, థాసాస్ ఒరాకిల్ రెండూ ఆ జాబితాలోవే. "రెండే కదా, నాది మూడో బ్రాకెట్" అని మీ మరిది అనొచ్చు. కుదరదు. రెండు కార్డులతో తొందరగా ఆట ముగించే కాంబోలు మూడో బ్రాకెట్‌కి కూడా పనికిరావు. అతను వేసిన రెండు కార్డులకూ కలిపి పట్టేది మూడు మానా. డెక్‌లో లేని కార్డు పేరొకటి చెప్తే కన్సల్టేషన్ డెక్ మొత్తాన్ని ఊడ్చేస్తుంది. డెక్ ఖాళీగా ఉందని ఒరాకిల్ చూసిందంటే ఆట గెలిచినట్టే. మీ లైఫ్ 30 ఉన్నా 300 ఉన్నా తేడా లేదు. అది నాలుగో బ్రాకెట్ ఆట. దాన్ని కట్టుకోవడం తప్పు కాదు, దానితో ఆడడంలో అందం కూడా ఉంది. కానీ అలాంటి డెక్ పట్టుకుని రెడీమేడ్ డెక్ ఎదురుగా కూర్చుని ఏడు అనడం తప్పు. చేతిలో ఏ కార్డుందో దాచుకోవడం ఆటలో భాగం, దానికి అతనికి పూర్తి హక్కుంది. డెక్ ఎలాంటిదో దాచే హక్కు లేదు. ఎందుకంటే కూర్చోవాలా వద్దా అని మీరు నిర్ణయించుకునేది అతను చెప్పిన ఆ మాట నమ్మే.

ఇక ఆ ఒప్పందం. ఆటగాళ్లు ఒకరికొకరు ఇచ్చుకునే మాటల్ని మ్యాజిక్ రూల్స్ పట్టించుకోవు. అక్కడ మిగిలేది మనిషి మాట మీద ఉన్న నమ్మకమే. అటాక్ చెయ్యననే మాట వల్ల అతనికి పోయేదేమీ లేదని గమనించారా? ఆ డెక్ అటాక్ చేసి గెలిచేది కాదు. మీరు మాత్రం అతని రిస్టిక్ స్టడీని తీసేసే కార్డును వాడకుండా ఆపుకున్నారు. మీరు భయపడుతున్నది దేనికో అతనికి తెలుసు, ఆ భయం తీరుస్తున్నట్టు మాటిచ్చాడు. ఎదుటివాళ్లు ఏమని అర్థం చేసుకుంటున్నారో తెలిసీ ఇచ్చిన మాటను ఆ అర్థంలోనే నిలబెట్టుకోవాలి. వారం వారం కలిసి ఆడుకునేవాళ్ల మధ్య అయితే మరీనూ.

ఇకముందు మీరూ బేరం గట్టిగా ఆడండి. "అటాక్ చెయ్యకపోతే చాలదు, నీ తర్వాతి రెండు టర్న్‌లలో గెలవడానికి కూడా ప్రయత్నించనంటేనే ఆగుతాను" అని అడగండి. ఒప్పుకోకపోతే ఆ క్షణమే రిస్టిక్ స్టడీని తీసేయండి. కార్డులు తెచ్చిపెట్టే ఇంజన్ ఎదుటివాళ్ల దగ్గర ఎంతసేపు ఉంటే అంత ప్రమాదం. క్రీచర్లు లేకపోవడం కన్నా అదే పెద్ద ప్రమాదం.

మరుసటి వారం సంగతి. బలమైన డెక్ ఉన్నవాణ్ణి ముందు దెబ్బతీయడం కక్ష కాదు. నలుగురి ఆటలో ఎవరివల్ల ఎక్కువ ప్రమాదమో చూసి ఆపడమే తెలివి. అయితే మీరు టేబుల్ మీద ఏముందో చూడలేదు, పోయిన శనివారాన్ని చూశారు. ఉన్నవన్నీ ఒక్కరి మీదే ఖర్చుపెట్టి మీరూ పడిపోయి, ఆటను మూడో మనిషి చేతిలో పెట్టారు. అప్పుడు గెలిచినాయనకూ ఆ గెలుపులో సంతోషం ఉండదు. పాత ఆట పగ కొత్త ఆటలోకి తెచ్చుకోకూడదని నలుగురూ ఒక మాట అనుకోండి. ఇంకొకటి - ఎవరైనా తొందరగా అవుటైతే మిగిలినవాళ్లు ఆట సాగదీయకూడదు. గెలిచే దారి చేతిలో ఉండగా వాడకుండా నాన్చితే, బయట కూర్చున్న మనిషికి ఆ గంట వృథా.

ఫ్రెండ్ గారి మాట కొట్టిపారేయకండి. మీ వారు ప్రేమతోనే చేస్తున్నారనుకుందాం. కానీ నలుగురి ఆటలో ఇద్దరు ఒకరినొకరు ముట్టుకోకపోతే మిగతా ఇద్దరి మీద పడే దెబ్బలు ఎక్కువవుతాయి. మీకు కూడా అది మర్యాద కాదు. మిమ్మల్ని సాటి ఆటగత్తెగా లెక్కపెట్టనట్టే. "నన్నూ అందరిలాగే అటాక్ చెయ్యండి" అని మీరే చెప్పండి. ఆ మాట వేరేవాళ్ల ద్వారా కాక మీ నోటి నుంచే రావాలి.

మరిదితో శనివారం టేబుల్ దగ్గర కాదు, మధ్యలో ఒకరోజు విడిగా మాట్లాడండి. నలుగురి ముందు అడిగితే కుర్రాడు తనని సమర్థించుకోవడానికే చూస్తాడు. "నీ డెక్ బాగుంది. నాది దానికి సరితూగదు. ఏడంటే నమ్మి కూర్చున్నాను, అది నాకు బాధనిపించింది" అని సూటిగా చెప్పండి. ఆట నేర్పింది అతనే కాబట్టి అతని సాయమే అడగండి. మీ డెక్‌ను మూడో బ్రాకెట్‌కి పెంచడానికి పదిహేను కార్డులు ఎంచి పెట్టమనండి. ఖరీదైనవాటికి ప్రింట్ తీసిన నకళ్లు వాడుకోవచ్చా లేదా అన్నది నలుగురూ తేల్చుకోండి. అధికారిక టోర్నమెంట్లలో అసలు కార్డులే ఉండాలి గానీ, ఇంటి టేబుల్ మీద మీ ఒప్పందమే రూల్. ఒకసారి డెక్‌లు మార్చుకుని ఆడండి. మీ డెక్‌తో తన డెక్ ఎదురుగా కూర్చుంటే, ఎంత చెప్పినా అర్థం కానిది అతనికి అరగంటలో తెలుస్తుంది.

ప్రతి శనివారం మొదటి ఐదు నిమిషాలు దీనికే పెట్టండి: ఎవరి డెక్ ఏ బ్రాకెట్, గేమ్ చేంజర్లు ఎన్ని, కాంబో ఉందా, మామూలుగా ఏ టర్న్‌కి గెలుస్తుంది. మర్చిపోయిన ట్రిగ్గర్లు (కార్డుల వల్ల వాటంతటవే జరగాల్సినవి), వేసిన కార్డు వెనక్కి తీసుకోవడం - వీటికి నలుగురికీ ఒకటే పద్ధతి పెట్టుకోండి. బలమైన డెక్ మీద మోజు తీరనప్పుడు దాన్ని అలాంటి డెక్‌లే ఆడేవాళ్ల దగ్గరకు, గేమ్ స్టోర్‌కి తీసుకెళ్లమనండి. అక్కడ అతనికి అసలైన పోటీ దొరుకుతుంది. ఇవన్నీ చెప్పినా అదే డెక్, అదే ఏడు అంటే, "ఈ డెక్‌తో నేను ఆడను, ఇంకోటి తీస్తే ఆడతాను" అని శాంతంగా చెప్పి అదే కుర్చీలో కూర్చోండి. ఆట మీది కూడా, లేచి వెళ్లాల్సిన అవసరం మీకు లేదు.