ప్రాసెసర్ నిద్ర – ఆపరేటింగ్ సిస్టమ్ ఎరుక

కీబోర్డుపై ఒక అక్షరాన్ని నొక్కి, తరువాతి అక్షరానికై మనం ఆలోచించే అర సెకనులో ప్రాసెసర్ ఏమి చేస్తుంది? మనకు రెప్పపాటుగా తోచే ఆ వ్యవధి దానికి సుదీర్ఘ విరామం. ఆ విరామంలో అది ఊరక తిరుగుతూ ఉంటే విద్యుత్తు వృథా అవుతుంది, వేడి పెరుగుతుంది. కనుక దానిని నిద్రపుచ్చాలి. అయితే ఎంత గాఢంగా నిద్రపుచ్చవచ్చునో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలిసేదెలా? ఈ విషయాన్నే ఇచట పరిశీలిద్దాం.

1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు ఏసీపీఐ అనే ప్రమాణాన్ని వెలువరించాయి. అందు సీ0 అనగా మెలకువ. ఆదేశాలు నడిచేది ఈ స్థితిలోనే. సీ1 కోడికునుకు వంటిది. హాల్ట్ అనే ఆదేశంతో ఆగిన ప్రాసెసర్, ఇంటరప్ట్ సంకేతం రాగానే లేస్తుంది. సీ2, సీ3 క్రమంగా గాఢనిద్రలు. నిద్ర గాఢమైన కొద్దీ ఆదా పెరుగుతుంది. మేల్కొనడానికి పట్టే కాలమూ పెరుగుతుంది.

ఈ వివరాలను ఫర్మ్‌వేర్ పట్టికల రూపంలో అందిస్తుంది. తొలి ప్రమాణంలో సీ2, సీ3ల గరిష్ఠ మేల్కొలుపు కాలాలు మాత్రమే ఉండేవి. సీ2కు 100, సీ3కి 1000 మైక్రోసెకన్లు మించితే ఆ స్థితి లేదని అర్థం. 2000లో వచ్చిన రెండవ ప్రమాణం సీఎస్‌టీ అనే జాబితాను చేర్చింది. ప్రతి స్థితికీ ప్రవేశమార్గం, రకం, మేల్కొలుపు కాలం, విద్యుత్ వ్యయం అందులో ఉంటాయి.

ఇక ఎంపిక ఆపరేటింగ్ సిస్టమ్‌ది. తరువాతి పని 50 మైక్రోసెకన్లలో రానుండగా, లేవడానికి 200 పట్టే నిద్రకు పంపడం అవివేకం కదా! 2008లో లినక్స్‌లో చేరిన సీపీయూ ఐడిల్ విభాగం ఈ పనిని రెండుగా విభజించింది: స్థితిని నిర్ణయించేది ఒక భాగం, అందులో ప్రవేశపెట్టేది మరొకటి.

అయితే నిర్ణయం ఎంత తెలివైనదైనా, పట్టిక తప్పైతే ఫలం లేదు. గాఢనిద్రను పేర్కొనకపోతే బ్యాటరీ తరుగుతుంది. మేల్కొలుపు కాలాన్ని తగ్గించి చెబితే పని ఆలస్యమవుతుంది. అందుకే 2010లో లినక్స్‌లో చేరిన ఇంటెల్ ఐడిల్ అనే డ్రైవర్, ఆయా ప్రాసెసర్ల వివరాలను తనలోనే ఉంచుకొన్నది.

లినక్స్ గల కంప్యూటర్‌లో సీపీయూ ఐడిల్ అనే ఫోల్డర్‌ను తెరిస్తే ఈ స్థితుల పేర్లు, కాలాలు సాధారణంగా కంటికి కనబడతాయి. విద్యార్థులు ఒకసారి స్వయంగా చూడవలెనని మా మనవి. యంత్రానికి సైతం విశ్రాంతి విలువ, సత్యమైన సమాచారం విలువ ఎంతటివో అప్పుడు బోధపడుతుంది.