డయాలిసిస్ ఏది? ముందు పెద్దమనిషిని అడగండి

కిడ్నీలు ఫెయిలయ్యాయని డాక్టర్ చెప్పగానే కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు వరండాలో గుమిగూడి మాట్లాడుకుంటారు. లోపల మంచం మీదున్న మనిషిని మాత్రం ఎవరూ అడగరు. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పెద్దవాళ్లకు, వాళ్ల ఇళ్లవాళ్లకు ఎదురయ్యే ప్రశ్నలివి.

ఏ డయాలిసిస్ అన్నది ఎవరు తేల్చాలి?

రోగే. ఉన్న మార్గాలు, వాటిలోని ముప్పులు రోగికి చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తండ్రికి తెలివి, మాట బాగున్నప్పుడు కొడుకు సంతకం ఆయన ఒప్పుకోలు కాదు. ‘నాయినకు చెప్తే దిగులు పెట్టుకుంటడు’ అని ప్రేమతోనే దాస్తారు. కానీ సూదులు గుచ్చేది ఆయన చేతికే కదా!

రెండు రకాలకూ తేడా ఏమిటి?

మొదటిది మిషన్ మీద రక్తం శుభ్రం చేయడం. మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. ఆదిలాబాద్ రిమ్స్‌లో, కరీంనగర్ ప్రభుత్వాసుపత్రిలో ఈ సదుపాయం ఉంది. రెండోది కడుపు డయాలిసిస్. పొట్టలోకి చిన్న గొట్టం వేస్తారు. ఇంట్లోనే, సాధారణంగా రోజుకు నాలుగుసార్లు, మందునీళ్లు నింపి కొన్ని గంటల తర్వాత వంచేస్తారు.

మాది ఏజెన్సీ ఊరు. మాకేది నయం?

ముందు దారి చూడండి. తెల్లవారుజామున బస్సు, మిషన్ మీద నాలుగు గంటలు, కళ్లు తిరుగుతుండగా మళ్లీ బస్సు. డెబ్బై దాటిన ఒంటికి ఆ రోజంతా అందులోనే పోతుంది. మర్నాడూ నీరసం తీరదు. వానాకాలం వాగు పొంగితే ఆ వారం డయాలిసిస్ తప్పుతుంది, కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది. చేత్తో చేసుకునే కడుపు డయాలిసిస్‌కు కరెంటు కూడా అక్కర్లేదు. గుండె బలహీనంగా ఉన్నవారు చాలామంది దాన్నే బాగా తట్టుకుంటారు.

అయితే ఇంటిని కూడా చూసుకోవాలి. రెండు లీటర్ల సంచులు రోజుకు నాలుగంటే నెలకు 120. అవి పెట్టడానికి ఎండా తడీ తగలని చోటు కావాలి. చేతులు వణికినా, చూపు ఆనకపోయినా, సబ్బుతో చేతులు కడుక్కుని ఆ పని చేయడానికి ఇంట్లో ఒకరు నేర్చుకోవాలి. బయటికొచ్చిన నీళ్లు మబ్బుగా కనిపించాయంటే ఇన్‌ఫెక్షన్ అనుమానమే. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. హెర్నియా ఉన్నవారికీ, పొట్టకు పెద్ద ఆపరేషన్లయినవారికీ ఇది కుదరకపోవచ్చు. డాక్టర్ మిషన్ సంగతే చెబితే ‘కడుపు డయాలిసిస్ నాకెందుకు కుదరదు?’ అని మీరే అడగండి. అడగడం మీ హక్కు.

ఖర్చు సంగతి?

మిషన్ డయాలిసిస్ ఆరోగ్యశ్రీ కింద ఉచితం. 2023 డిసెంబరు 9 నుంచి పథకం పరిమితి 10 లక్షల రూపాయలు. డయాలిసిస్ రోగులకు ఆర్టీసీ బస్‌పాస్ ఉంది. 2022లో నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛనులోకి వాళ్లనూ చేర్చారు. కడుపు డయాలిసిస్‌కైతే, గొట్టం వేయించుకోకముందే సంచుల ఖర్చు ఎవరిదో ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గర తేల్చుకోండి. సందేహముంటే 104కు ఫోన్ చేయండి.

ఒకటి మొదలుపెట్టాక మార్చుకోవచ్చా? అసలు వద్దనవచ్చా?

మార్చుకోవచ్చు. వద్దనీ అనవచ్చు. వైద్యం నిరాకరించే హక్కు తెలివిలో ఉన్న పెద్దవారికి ఉందని 2018లో కామన్ కాజ్ తీర్పు గుర్తించింది. ఎనభై దాటి, గుండెజబ్బు, షుగర్‌లతో నలిగిన మనిషికి డయాలిసిస్ పెంచే ఆయుష్షు కొద్దిగానే ఉండొచ్చు. అప్పుడు ఆయాసం, దురద, నొప్పి తగ్గించే మందులతో ఇంట్లో ఉండటమూ వైద్యమే. దాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. వద్దన్నారని ఆయన్ని మొండివాడనకండి, చికిత్స ఆపేశామని మీరూ కుమిలిపోకండి.

ఇంకా డయాలిసిస్ దాకా రాలేదు. ఇప్పుడేం చేయాలి?

మిషన్ వైపు మొగ్గితే చేతికి ఫిస్టులా (సూదులు గుచ్చడానికి రక్తనాళాలను కలిపే చిన్న ఆపరేషన్) ముందే వేయించుకోండి. అది పనికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆలస్యమైతే మెడలో గొట్టం వేయాల్సి వస్తుంది, దాంతో ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ. ఫిస్టులా కోసం అనుకున్న చేతికి ఈ రోజు నుంచే సెలైన్ పెట్టనివ్వకండి, రక్తం తీయనివ్వకండి.