క్రొత్త తరగతికి ముందు పాత పాఠము

అధ్యయనమనగా గురుముఖమున వినుట మాత్రమే కాదు. విన్నదానిని మరల మరల చెప్పుకొని నిలుపుకొనుట కూడ అధ్యయనమే. ఈ రెండింటికిని మన పూర్వులు సంవత్సరములో వేర్వేరు కాలములను ఏర్పరచిరి. శ్రావణ పూర్ణిమనాడు ఉపాకర్మతో వేదాధ్యయనమును ఆరంభించి, కొన్ని మాసములకు ఉత్సర్జనముతో విరమించుట సంప్రదాయము. ఆ పూర్ణిమయే వైష్ణవులకు హయగ్రీవ జయంతి. విరమించుటయనగా గ్రంథమును కట్టిపెట్టుట కాదు. ఉత్సర్జనము పిమ్మట శుక్లపక్షములందు వేదమును, కృష్ణపక్షములందు వ్యాకరణాది వేదాంగములను చదువవలెనని మనుస్మృతి విధించుచున్నది. విరామకాలము కూడ నేర్చినదానిని నిలుపుకొనుటకును, దానికి ఆధారమైన శాస్త్రములను బలపరచుకొనుటకును ఉద్దేశింపబడినదని దీనివలన తెలియుచున్నది.

నేటి ఉన్నత పాఠశాల విద్యార్థికి సంవత్సరారంభము జూన్ మాసమున వచ్చును. ఆంధ్రప్రదేశమున 2025వ సంవత్సరములో వేసవి సెలవులు ఏప్రిల్ 24 మొదలు జూన్ 11 వరకు, అనగా 49 దినములు. మా వత్సవాయి, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములలో ఈ దినములు రెండు విధములుగా గడచుచున్నవి. కొందరు పిల్లలు తల్లిదండ్రుల వెంట మిరప కల్లములకో, ఇతర పనులకో పోవుదురు. మరికొందరిని పెద్దలు ట్యూషనులలో చేర్చి, రాబోవు తరగతి పాఠములను ముందుగానే చెప్పింతురు. గడచిన తరగతిలో ఏమి మిగిలిపోయినదని అడుగువారు మాత్రము అరుదు.

సంస్కృత పాఠశాలలో ముందు శబ్దములు, పిదప అమరకోశము, ఆ పిదప రఘువంశము చెప్పుట వాడుక. రామశబ్దమునకు విభక్తులు స్థిరపడని బాలునకు కావ్యపాఠమున అన్వయము కుదరదు. కర్త యెవరో, కర్మ యేదో వానికి గోచరింపదు. అందుచేత నిన్నటి సంతను తప్పులేకుండ అప్పగింపని శిష్యునకు గురువులు నేటి సంత చెప్పెడివారు కారు. అది శిక్ష కాదు, వాని చదువునకు రక్షణ.

ఈ న్యాయము నేటి గణితమునకును వర్తించును. పదవ తరగతిలో వర్గ సమీకరణములను సాధించుటకు కారణాంక విభజన తెలిసియుండవలెను. అది ఎనిమిది, తొమ్మిది తరగతుల పాఠము. దానికి ఋణ సంఖ్యల గుణకారము ఆధారము. అది ఏడవ తరగతి నాటిది. త్రికోణమితికి పైథాగరస్ సిద్ధాంతము, రసాయన సమీకరణములకు సంయోజకత అట్టివే. పదవ తరగతిలో తడబడు బాలుని లోపము చాల పర్యాయములు పదవ తరగతిలో నుండదు. రెండు మూడేండ్లు వెనుక నుండును. అట్టివానికి క్రొత్త పాఠమును ముందుగ చెప్పించినను ప్రయోజనము స్వల్పము.

ఇందు మరియొక చిక్కు కలదు. పెద్ద తరగతికి వచ్చిన పిల్లవాడు చిన్న తరగతి లెక్క తనకు రాదని చెప్పుటకు సిగ్గుపడును. సిగ్గుచేత అడుగడు, అడుగనందున తెలియదు, తెలియనందున బడికి పోవుటయే భారమగును. పదవ తరగతి తప్పిన మగపిల్లవాడు సిమెంటు కర్మాగారములో కూలికో, లారీ మీదికో పోవుట, ఆడపిల్లకు ఇంట పెండ్లిమాట వినవచ్చుట పల్లెలలో మనము చూచుచున్నదే. తప్పినవారికి ఆ వేసవిలోనే సప్లిమెంటరీ పరీక్షలు జరుగును. ఆ మార్గము మూతపడలేదని ప్రతి గృహస్థుడును ఎరుగవలెను. అయినను అంతదూరము పోనీయక ముందే జాగ్రత్తపడుట మేలు.

అందులకు చేయవలసిన పని సులభమైనదే. నలుబది తొమ్మిది దినములు ఏడు వారములు. వారమునకు ఒకదినము సంపూర్ణముగ విశ్రాంతి. పూర్వమును ప్రతిపత్తు, అష్టమి మొదలగు తిథులు అనధ్యయనములే. మిగిలిన 42 దినములలో దినమునకు రెండు గంటలు, ఎండ ముదరక ముందు తెల్లవారుజామున ఒకటి, సాయంకాలము ఒకటి. మొత్తము 84 గంటలు. పనికి పోవు పిల్లలకు సైతము ఇది అసాధ్యము కాదు.

మొదటి వారము పరీక్షకు. పాత పుస్తకములను తూకమునకు వేయరాదు. విషయసూచిక తెరచి, ఒక్కొక్క పాఠము పేరు చూచి, పుస్తకము మూసి, జ్ఞాపకమున్నది కాగితముపై వ్రాయవలెను. బాగుగ వచ్చినది, సగము వచ్చినది, రానిది అని మూడు గుర్తులు పెట్టవలెను. తరువాతి ఐదు వారములు, అనగా 60 గంటలు, రానివానిని చక్కదిద్దుకొనుటకు. అవసరమైనచో చిన్న తరగతి పుస్తకమును ఇరుగుపొరుగు పిల్లలనుండి తెచ్చుకొనవలెను. చివరి వారము మాత్రమే క్రొత్త పుస్తకములలోని మొదటి పాఠములకు.

విద్యలో పాదము గురువువలన, పాదము స్వబుద్ధివలన, పాదము సహాధ్యాయులవలన, పాదము కాలక్రమమున లభించునని పెద్దలందురు. సెలవులలో గురువు సన్నిధి లేకపోయినను తక్కిన మూడు పాదములును మనయందే కలవు. కనుక ఉదయము ఒంటరిగను, సాయంకాలము తోడి విద్యార్థితోను చదువుట మంచిది. ఒకరు చెప్పగా వేరొకరు తప్పుపట్టవలెను.

చదువు రాని తల్లియు ఇందు తోడ్పడగలదు. ఆ దినము చదివిన పాఠమును తనకు తెలుగులో చెప్పుమని అడిగిన చాలును. అర్థమైన పిల్లవాడు తడుముకొనక చెప్పును. అర్థము కానివాడు పుస్తకములోని మాటలనే వల్లించును. ఆ భేదము వినువారికి తెలియును. ప్రభుత్వ పాఠశాలల పాఠ్యపుస్తకములు కొన్నియేండ్లుగా తెలుగు, ఆంగ్లములు ఎదురెదురు పుటలలో నుండునట్లు అచ్చగుచున్నవి. ఆంగ్లపు పుటలో చిక్కిన భావమును తెలుగు పుటలో గ్రహించి, మరల ఆంగ్లమున చదువవలెను.

వేసవిలో సకుటుంబముగ మన జగ్గయ్యపేట చేరువ కృష్ణాతీరమునగల వేదాద్రికి పోవువారు అనేకులు. సోమకాసురుడు వేదములను అపహరించి సముద్రమున దాచగా, శ్రీహరి మత్స్యరూపమున వానిని ఉద్ధరించి బ్రహ్మకు ఒసగెననియు, ఆ వేదములే స్వామి సన్నిధికోరి పర్వతరూపమున వెలసెననియు స్థలపురాణము. పిల్లలకు ఈ కథ చెప్పునపుడు ఒక విషయమును గమనింపజేయుడు. వేదములు పోయినవని స్వామి క్రొత్తవానిని సృజింపలేదు. పోయినవానినే, అవి పడియున్న లోతునకు దిగి వెదకి తెచ్చెను. రాని పాఠముకొరకు చిన్న తరగతి పుస్తకము తెరచుటలో చిన్నతనమేమియు లేదని వారు దీనివలన గ్రహింపగలరు.

బడి తెరచునాటికి ఇంకను తీరని సందేహములను ఒక కాగితముపై వ్రాసియుంచి, మొదటి వారములోనే ఉపాధ్యాయునకు చూపవలెను. ఇది నాకు రాదు అని చెప్పిన శిష్యుని ఏ గురువును తక్కువగా చూడడు. విద్యాధిదేవతయగు శ్రీ లక్ష్మీహయగ్రీవస్వామి మన బిడ్డలకు స్థిరమైన విద్యను, అడుగుటకు వలసిన ధైర్యమును అనుగ్రహించుగాక.