వరదను కాలవకు ఎక్కించగలమా?

సందేహాలు – సమాధానాలు

(గోదావరి నీటి మళ్లింపుపై పాఠకులు పంపిన ఉత్తరాలకు విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు ఒకరి సమాధానాలు)

*ఏటా జులై, ఆగస్టుల్లో మా లంక మునుగుతుంది. పిల్లల్నీ గేదెల్నీ తోలుకుని గట్టెక్కుతాం. సరిగ్గా అప్పుడే అనంతపురంలో వేరుశనగ ఎండిపోతోందని టీవీలో చూపిస్తారు. మాకు వద్దన్న నీళ్లు వాళ్లకిచ్చేస్తే రెండు బాధలూ తీరతాయి కదండీ? ఇంత చిన్న సంగతి ఎవరికీ తట్టలేదా?*
— ఒక గృహిణి, పి.గన్నవరం మండలం

తట్టకేమమ్మా! అప్పటి కేంద్ర నీటిపారుదల మంత్రి కె.ఎల్.రావు గారికి 1972లోనే తట్టింది. పట్నా దగ్గర గంగ నుంచి 60,000 క్యూసెక్కుల నీటిని ఏడాదికి 150 రోజులు మళ్లించి, 2,640 కిలోమీటర్ల దారిలో కావేరికి చేర్చాలన్నారాయన. అది కాగితం దాటలేదు.

మీ లంకను ముంచే నీటికి పరిమాణం ఎంత ముఖ్యమో, అది ఎన్ని గంటల్లో వస్తుందన్నది అంతకంటే ముఖ్యం. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ లెక్కన రోజుకు 216 టీఎంసీలు. పోలవరాన్ని పూర్తిగా కట్టి 45.72 మీటర్ల దాకా నింపినా పట్టేది 194 టీఎంసీలే. అంత పెద్ద జలాశయాన్ని మీ కోసం పూర్తిగా ఖాళీ చేసి ఉంచినా 24 గంటలు తిరక్కుండానే నిండిపోతుంది. ఇక 1986 ఆగస్టు వరదంటారా, అది 35 లక్షలు.

ఇప్పుడు మళ్లింపు సంగతి చూడండి. గోదావరి నీటిని కృష్ణకు ఎత్తిపోసే పట్టిసీమలో 24 పంపులూ ఒకేసారి తిప్పితే 8,500 క్యూసెక్కులు వస్తాయి. 2022 నాటి వరదలో అది వెయ్యింట మూడున్నర వంతు. మీ రేవులో మునిగిన మెట్లలో ఒక్కటి కూడా దానివల్ల తేలదు. వరదనంతా మోసే కాలవే కావాలంటే ఇంకో గోదావరిని తవ్వుకోవాలి. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ పొడవే సుమారు మూడున్నర కిలోమీటర్లు!

కాబట్టి మళ్లింపుతో లంకల ముంపు పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మళ్లించగలిగేది వరద ఉధృతి తగ్గాక కూడా వారాలకొద్దీ సాగే మామూలు ప్రవాహాన్ని. అది సీమకు అక్కరకొస్తుంది, మీకు ఒరిగేదేమీ లేదు. మీకు కావలసినవి గట్టి ఏటిగట్లు, ఎత్తయిన కాజ్‌వే, భద్రాచలంలో నీటిమట్టం పెరుగుతుండగానే మీ రేవుకు పడవలు. వీటికి మళ్లింపు ఖర్చులో పిసరంత చాలు. అయినా వీటికి శంకుస్థాపన సభలు జరగవు.

*నాగార్జునసాగర్ ఎడమ కాలవ నీళ్లతోటి మా నాయన వరి పండించిండు. ఇప్పుడేమో గోదారి నీళ్లు మోటర్లు పెట్టి గుట్టలెక్కిస్తున్నరు. కాళేశ్వరం సంగతి చూసినంక ఎత్తిపోతలంటేనే గుబులైతాంది. గిట్టుబాటు అయితదా సార్?*
— రైతు, వైరా, ఖమ్మం జిల్లా

మీ నాన్నగారి కాలవలో నీరు పల్లానికి తనంతట తాను పారుతుంది. ఎత్తిపోతలలో ప్రతి మీటరుకూ కరెంటు బిల్లు కట్టాలి. లెక్క మీరే వేసుకోవచ్చు. ఒక టీఎంసీ అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. దాన్ని 100 మీటర్లు ఎత్తడానికి, పంపుల్లో మోటార్లలో పోయే నష్టం కలుపుకుని, సుమారు కోటి యూనిట్లు కావాలి. 300 మీటర్లయితే మూడు కోట్లు. ఒక టీఎంసీతో ఆరుతడి పంటలు ఉజ్జాయింపుగా 10,000 ఎకరాలు, వరి అయితే 6,000 ఎకరాలు పండుతాయని మా శాఖలో వాడే లెక్క. యూనిట్ 6 రూపాయలు అనుకుంటే ఆ ఎత్తులో ఆరుతడి ఎకరానికి 18,000, వరికి 30,000 రూపాయలు ఒక్క కరెంటుకే అవుతాయి. కాలవ తవ్వకం, అప్పు మీద వడ్డీ, నిర్వహణ అన్నీ దీనికి అదనం.

అందుకని ఎత్తిపోతలన్నీ దండగ అనను. తాగునీటికి, పండ్లతోటలకు, 40, 50 మీటర్ల ఎత్తుకు గిట్టుబాటవుతాయి. 300 మీటర్లు ఎక్కించిన నీటితో వరి నాటుతుంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

కాళేశ్వరంలో మీ గుబులుకు కారణాలున్నాయి. 2022 జులైలో గోదావరి వరదకు కన్నెపల్లి, అన్నారం పంపుహౌస్‌లు మునిగాయి. వరద నీటిని తోడాల్సిన మోటార్లే ఆ వరదలో నానాయి. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీలో ఏడో బ్లాకు పియర్లు కుంగాయి. నది ఒడ్డున పంపుహౌస్ కట్టేటప్పుడు మొదట అడగాల్సింది మోటార్లు ఎన్ని మెగావాట్లవని కాదు, నది తన చరిత్రలో ఎంత ఎత్తుకు లేచిందని.

*సముద్రంలో కలిసే ప్రతి చుక్కా వృథాయే అంటారు. నిజమా?*
— ఇంటర్ విద్యార్థిని, అంతర్వేది

కాదు. మీ ఊళ్లో మత్స్యకారులను అడిగితే నాకంటే బాగా చెబుతారు. ఎర్రనీరు సముద్రంలోకి దిగితేనే పులస ఎదురీదుకుంటూ గోదావరిలోకి వస్తుంది. కోరింగ మడ అడవులకు తీపినీరు కావాలి, తీరానికి ఒండ్రు కావాలి. కృష్ణ సముద్రం దాకా సరిగ్గా చేరని ఏళ్లలో దివిసీమలో ఉప్పునీరు ఎలా పైకి ఎగదన్నుతుందో అక్కడి రైతులకు తెలుసు. ఎంత నీరు వదలాలన్నది నెలవారీగా లెక్కగట్టాల్సిన విషయం. సున్నా అన్న సమాధానం మాత్రం తప్పు.

*మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు మా మొదటి అంతస్తు దాకా వచ్చింది. గోదావరి నీళ్లు తెచ్చే కాలవకూ దీనికీ సంబంధం ఉందంటున్నారు.*
— ఒక చిరువ్యాపారి, విజయవాడ

ఉంది. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర బుడమేరు వరదను కృష్ణలోకి పంపే మళ్లింపు కాలవ ఉంది. పోలవరం కుడికాలవలో వచ్చే గోదావరి నీరు కూడా దీని గుండానే కృష్ణను చేరుతుంది. ఒక కాలవకు రెండు పనులు. ఆ సెప్టెంబరు మొదట్లో కురిసిన వానకు కాలవ మోయగలిగినదాని కంటే చాలా ఎక్కువ వచ్చి గట్లు తెగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహిస్తోంది. నది అంత ఎత్తులో ఉన్నప్పుడు పక్క కాలవ నీటిని ఎక్కడ లోపలికి రానిస్తుంది?

మీ ముంపునకు గోదావరి నీళ్లు కారణం కాదు. అది వానా, ఆక్రమణలూ, కాలవ చాలకపోవడమూ కలిసి తెచ్చిన ఉపద్రవం. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. వందల కిలోమీటర్ల కాలవ దారిలో ఎన్నో వాగులను దాటుతుంది. ఇచ్చే నదీ, పుచ్చుకునే నదీ, మధ్యలో వాగులూ ఒకేసారి పొంగే రోజు వస్తుంది. డిజైను ఆ రోజు కోసం చేయాలి.

*మేం చెన్నైలో తెలుగు గంగ నీళ్లు తాగుతున్నాం. అదెలాగో కుదిరింది కదా, గోదావరి–పెన్నా అనుసంధానం ఎందుకు కుదరదు?*
— విశ్రాంత ఉపాధ్యాయుడు, చెన్నై

మాస్టారూ, అదీ తేలిగ్గా కుదరలేదు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. 1983లో ఒప్పందమైతే కృష్ణమ్మ తమిళనాడు సరిహద్దు దాటింది 1996లో. ఆ 15 టీఎంసీల్లో ఆవిరికీ ఇంకుడుకీ 3 పోతాయని ముందే రాసుకున్నారు. కండలేరు నుంచి పూండి వైపు వచ్చే మట్టికాలవలో అంతకంటే ఎక్కువే పోయేది. సత్యసాయి ట్రస్టు సాయంతో దాన్ని బాగుచేశాక మీ కుళాయిలకు ఊపిరొచ్చింది.

పైగా అది తాగునీరు, కొద్దిపాటి నీరు. సాగునీరు అనగానే పేచీ మొదలవుతుంది. పోలవరం నుంచి కృష్ణకు 80 టీఎంసీలు మళ్లిస్తే అందుకు బదులుగా కృష్ణ ఎగువన కర్ణాటకకు 21, మహారాష్ట్రకు 14 దక్కాలని గోదావరి ట్రిబ్యునల్ 1980లోనే తేల్చింది. మిగిలిన 45లో వాటా మాదంటే మాదని ఇప్పుడు తెలంగాణ, ఆంధ్ర. పోలవరం నుంచి రాయలసీమలోని బనకచర్లకు 200 టీఎంసీలు తీసుకెళ్తామన్న ఆంధ్ర ప్రతిపాదనను 2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ నిపుణుల కమిటీ వెనక్కి పంపింది. వరద నీటి మీద హక్కు ఎవరిదో తేలకుండా ఆ నీటి కోసం వేల కోట్లు పోయడం, దస్తావేజు లేని స్థలంలో మేడ కట్టడమే.

*హంద్రీ-నీవా కాలవ మా ఊరికి దగ్గర్లోనే పోతాంది. కాలవలో నీళ్లుంటాయి, మా చెరువులో దుమ్ము లేస్తాది. మాకొచ్చేదెప్పుడు, మేం చేయాల్సిందేమన్నా ఉందా?*
— రైతు, కళ్యాణదుర్గం ప్రాంతం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాకు నచ్చిన ప్రశ్న మీది. గోదావరి నీరు మీ చెరువుకు నడిచి రాదు, మార్పిడి మీద వస్తుంది. గోదావరి నీటితో కృష్ణా డెల్టాలో నాట్లు పడితే, డెల్టా కోసం శ్రీశైలం నుంచి కిందికి వదలాల్సిన నీరు పైనే ఉంటుంది. దాన్ని మల్యాల దగ్గర తోడి హంద్రీ-నీవాకు ఎక్కిస్తారు. పట్టిసీమ వల్ల జరగగల నిజమైన మేలు ఇదే. మిగిలిన నీటిని సీమకే ఇస్తున్నారా అన్నది ఏటా అడగాలి. ఎందుకంటే మీ కాలవ నడిచేదే మిగులు జలాల మీద. కృష్ణా జలాలపై బచావత్ ట్రిబ్యునల్ మిగులును వాడుకోమంది గానీ దాని మీద హక్కు ఇవ్వలేదు.

శ్రీశైలమూ ఒకప్పటంత లేదు. 308 టీఎంసీలకు కట్టిన జలాశయం పూడికతో 215కు వచ్చింది. కాబట్టి కాలవలో నీరు వచ్చే నాలుగు నెలల్లోనే దాన్ని ఊళ్లలోని చెరువుల్లో పట్టుకోవాలి. పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది, చెరువుకు ఉండాల్సిన గుణాలూ ఉండకూడని దోషాలూ లెక్కపెట్టి రాతిమీద చెక్కించారు. మా శాఖ మాన్యువల్ కంటే అది చదవడానికి బాగుంటుంది.

మీరు చేయాల్సినవి ఉన్నాయి. కాలవ నుంచి మీ చెరువుకు తూము మంజూరైందా లేదా రాతపూర్వకంగా అడగండి. మంజూరైతే పిల్లకాలవకు భూమి ఇవ్వాల్సిన రైతులతో మీరే మాట్లాడండి. ఎక్కువ చోట్ల పని ఆగేది అక్కడే. ఎండాకాలంలో కంప కొట్టించి, ఒండ్రు తీసి చేలకు తోలుకోండి. మరవ దగ్గర ఎవరైనా గండి కొట్టి ఉంటే పూడ్పించండి. చెరువు నిండాక తూము ఎత్తి వరి నాటుకోవద్దు. నీరు నిలిస్తే చుట్టుపక్కల బోర్లు ఊరతాయి, ఆ బోర్లకింద డ్రిప్పుతో చీనీ, దానిమ్మ నిలుస్తాయి. ఊరంతా కూర్చుని ఈ కట్టుబాటు చేసుకున్నాకే తీర్మానం కాగితం పట్టుకుని ఈఈ ఆఫీసుకు వెళ్లండి. జూన్ లోపు వెళ్లాలి, మోటార్లు ఆన్ అయ్యాక అక్కడ ఎవరూ దొరకరు.