నిద్ర పట్టడం లేదా? గోలీ కొనేముందు ఒక్క మాట

ఈ వారం నిద్రలేమి గురించి తెలుసుకుందాం. మన వైద్యంలో దీన్ని ‘సహర్’ అంటారు. మనిషి ఆరోగ్యానికి తప్పనిసరి అని హకీములు చెప్పిన ఆరు అంశాల్లో నిద్ర, మెలకువ ఒకటి. గాలి, తిండి ఎంతో ఇదీ అంతే. తేమ, చల్లదనం సరిపడా ఉంటే మెదడు నిద్రకు లొంగుతుందనీ, ఖుష్కీ (పొడితనం), వేడి పెరిగితే నిద్ర దూరమవుతుందనీ యూనానీ సిద్ధాంతం.

నిద్ర పట్టకపోతే మన ఇళ్లలో ముందు చేసే పని, పిల్లవాణ్ణి మెడికల్ షాపుకు పంపడం. కొన్నేళ్ల క్రితం ఒక మనవడు తన నానీని నా దగ్గరికి తీసుకొచ్చాడు. ఆమెకు డెబ్బై ఏళ్లు, షుగరు ఉంది. రాత్రంతా మెలకువే అన్నారు. నేను మిగతా విషయాలు అడగకుండా ఖమీరా ఖష్‌ఖాష్ రాసిచ్చాను. నెల తిరగకుండా ఆమె చేతికి కట్టుతో వచ్చారు. ఖమీరాతో నిద్ర రాలేదని, ఎవరో చెప్తే రోజూ రెండు జలుబు గోలీలు వేసుకున్నారట. అర్ధరాత్రి బాత్‌రూంకు వెళ్తూ మత్తులో తూలి పడ్డారు. ఖమీరా పంచదార పాకంతో చేసే మందు. షుగరున్న మనిషికి అది ఇవ్వడం నా పొరపాటే. అందుకే ఈ పాఠం.

షాపులో దొరికే మందులు

జలుబు, దురద గోలీల్లోనూ, కొన్ని దగ్గు సిరప్‌లలోనూ మత్తు కలిగించే మందు ఉంటుంది. నాలుగు రోజులు వాడితే మత్తు తగ్గుతుంది, అప్పుడు గోలీలు పెంచుతారు. నోరు ఎండడం, మలబద్ధకం వస్తాయి. ప్రోస్టేట్ పెరిగిన పెద్దలకు మూత్రం ఆగిపోవచ్చు. గ్లకోమా ఉన్నవారికి కంటికి చేటు. ముసలివారిలో మతిమరుపు, తడబాటు, పడిపోవడం ఎక్కువ. 2017లో అమెరికా నిద్ర వైద్యుల సంఘం ఇచ్చిన సూచనల్లో కూడా దీర్ఘకాల నిద్రలేమికి ఇలాంటి మత్తు మందును గానీ, మెలటోనిన్‌ను గానీ వాడవద్దనే ఉంది. మెలటోనిన్ పనికొచ్చేది ముఖ్యంగా దూరదేశ ప్రయాణాల వల్ల నిద్ర వేళలు తారుమారైనప్పుడు.

ఆల్ప్రాజోలం వంటి గోలీలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. 2014 నుంచి ఇవి షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. పక్కింటివారి చీటీతో కొనకండి. చాలాకాలంగా వాడుతున్నవారు ఒక్కసారిగా ఆపకండి, మూర్ఛ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మన మందులు కూడా ఆలోచించే వాడాలి

రోగన్ కాహూ, రోగన్ కద్దూ, రోగన్ లబూబ్ సబా నూనెల్లో ఏదైనా ఒకటి పడుకునేముందు మాడుకు, అరికాళ్లకు 10 నిమిషాలు మెల్లగా మర్దనా చేయండి. వీటితో నష్టం తక్కువ, హాయి ఎక్కువ. అరికాళ్లు తుడుచుకోకుండా నేల మీద అడుగు పెట్టకండి.

గసగసాలు రెండు చెంచాలు నానబెట్టి, రుబ్బి పాలలో తాగడం మన ఇళ్లలో పాత అలవాటే. కానీ గసగసాల కాయ తొక్క వేరు. అది అలవాటు పట్టే మత్తు పదార్థం. 1985 నాటి మత్తు పదార్థాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా అమ్మడం, కొనడం నేరం. కొన్ని తయారీల్లో ఇది పడుతుంది కనుక లేబుల్ చదవండి.

అస్రోల్ అంటే సర్పగంధ. 1931లో ఢిల్లీ తిబ్బియా కాలేజీలో దీని నుంచి వేరు చేసిన పదార్థానికి హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలీన్ అని పేరు పెట్టారు. మంచి మందే, కానీ రక్తపోటును, నాడిని తగ్గిస్తుంది, మనసును దిగులులో ముంచవచ్చు. బీపీ గోలీలు వాడేవారు, దిగులుతో బాధపడేవారు, గర్భిణులు సొంతంగా తాకకూడదు.

అసలు మందు ఇది

నానీ సంగతి మళ్లీ అడిగితే తేలిందేమిటి? మధ్యాహ్నం రెండు గంటల నిద్ర, ఇషా తర్వాత చాయ్, షుగరు అదుపులో లేక రాత్రి నాలుగుసార్లు మూత్రం. ఆమెకు కావలసింది నిద్ర గోలీ కాదు. షుగరు సంగతి డాక్టరుకు అప్పగించాం, చాయ్ మాన్పించాం. మూడు వారాల్లో నిద్ర చాలావరకు తిరిగి వచ్చింది, అల్‌హందులిల్లాహ్.

మీరూ ఇలా చేయండి. చాయ్, కాఫీ అసర్ లోపే ముగించండి. ఖైలూలా 20-30 నిమిషాలు చాలు. ఇషా తర్వాత ముచ్చట్లు, సెల్‌ఫోను తగ్గించండి. ఫజ్ర్‌కు లేచే వేళ రోజూ ఒక్కటే ఉంచండి. 20 నిమిషాలకు నిద్ర రాకపోతే పక్క మీద దొర్లకుండా లేచి, చిన్న దీపం వెలుగులో జిక్ర్ చేసుకుని, కునుకు వచ్చినప్పుడే పడుకోండి.

వారానికి మూడు రాత్రులు, మూడు నెలలుగా ఇబ్బంది ఉంటే డాక్టరును కలవండి. గట్టి గురకతో ఊపిరి ఆగినట్టయినా, బతుకు మీద విరక్తి కలిగినా ఆలస్యం చేయకండి. గురక ఉన్నవారికి మత్తు మందు మరీ ప్రమాదం. హకీం దగ్గరికి వచ్చినా, డాక్టరు దగ్గరికి వెళ్లినా మీరు మింగే గోలీలన్నీ సంచీలో వేసుకుని వెళ్లండి. మేం అడగడం మరచినా మీరు చూపించండి.

అల్లాహ్ మనందరికీ సుఖనిద్ర ప్రసాదించుగాక. ఆమీన్.